రెండు కార్డులు, ఒకే డెస్క్‌టాప్: బహుళ తెరల చరిత్ర

డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు రెండు మూడు మానిటర్లు తగిలించుకుని పనిచేయడం ఈనాడు సాఫ్ట్‌వేర్ కార్యాలయాల్లోనూ, షేర్ల వ్యాపారుల బల్లల మీదా, వీడియో ఎడిటింగ్ గదుల్లోనూ ఎవరూ ప్రత్యేకంగా గమనించనంత మామూలు సంగతి. కేబుల్ గుచ్చితే తెర వెలుగుతుంది. మౌస్ బాణం ఒక తెర అంచు దాటి పక్క తెరలోకి సాగిపోతుంది. అయితే 1980ల ఆరంభం నుంచి దాదాపు ఇరవై ఏళ్లపాటు, రెండో తెర కావాలనుకున్నవారికి సాధారణంగా ఉన్న దారి ఒక్కటే: కంప్యూటర్ పెట్టె విప్పి అందులో రెండో గ్రాఫిక్స్ కార్డు బిగించడం. గ్రాఫిక్స్ కార్డు అంటే, తెర మీద కనిపించవలసిన దృశ్యాన్ని తన సొంత మెమరీలో ఉంచుకుని, దాన్ని మానిటర్ అందుకోగల సంకేతంగా మార్చి పంపే ఎలక్ట్రానిక్ పలక. అలాంటి పలకలు రెండు ఒకే పెట్టెలో కలిసి మనగలవా అన్న ప్రశ్నకు వేర్వేరు కాలాల్లో వేర్వేరు జవాబులు వచ్చాయి. ఆ జవాబులను వరుసగా పరిశీలిస్తే, ఎన్ని తెరలు పెట్టుకోవచ్చునన్నది మానిటర్ల ధర కంటే, కార్డుల శక్తి కంటే, కంప్యూటర్ లోపల కుదిరిన ఒప్పందాల మీదే ఎక్కువగా ఆధారపడిందని తేలుతుంది. ఏ కార్డు ఏ చిరునామాలో ఉండాలి, ముందుగా ఏది మేల్కొనాలి, రెంటినీ నడిపే సాఫ్ట్‌వేర్ ఎవరు రాయాలి అన్నవే ఆ ఒప్పందాలు.

1981 ఆగస్టు 12న ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసినప్పుడు, దానితోపాటు రెండు వేర్వేరు డిస్‌ప్లే కార్డులను అమ్మకానికి పెట్టింది. మొదటిది మోనోక్రోమ్ డిస్‌ప్లే అడాప్టర్, క్లుప్తంగా ఎండీఏ. ఇది అక్షరాలను మాత్రమే చూపగలదు, బొమ్మలు గీయలేదు. కానీ ఒక్కో అక్షరానికి 9 చుక్కల వెడల్పు, 14 చుక్కల ఎత్తు గల గడిని కేటాయించడం వల్ల, ఆకుపచ్చగా వెలిగే 5151 మానిటర్ మీద వరుసకు 80 అక్షరాల చొప్పున 25 వరుసలు ఎంతో స్పష్టంగా కనిపించేవి. రెండోది కలర్ గ్రాఫిక్స్ అడాప్టర్, అంటే సీజీఏ. అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కల తెర మీద ఇది నాలుగు రంగుల్లో బొమ్మలు చూపగలిగేది గానీ, దాని అక్షరం 8 చుక్కల చదరంలో ఇరికించినది కావడంతో గంటల తరబడి చదివేవారి కళ్లకు శ్రమగా ఉండేది. ఉత్తరాలూ లెక్కలూ రాసే కార్యాలయానికి ఒక కార్డు, ఆటలూ బొమ్మలూ కావలసిన ఇంటికి మరొక కార్డు అన్నది ఆనాటి విభజన.

ఈ రెండు కార్డులనూ ఒకే యంత్రంలో బిగించవచ్చు. బిగించినా అవి తగవులాడుకోవు. ఎందుకో తెలుసుకోవడానికి ఆ యంత్రపు మెమరీ పంపకాన్ని కొంచెం దగ్గరగా చూడవలసి ఉంటుంది. ఆనాటి 8088 ప్రాసెసర్ మొత్తం 1024 కిలోబైట్ల చిరునామాలను మాత్రమే చూడగలదు. వాటిలో మొదటి 640 కిలోబైట్లు ప్రోగ్రాములకు పోగా, 640 నుంచి 768 దాకా ఉన్న 128 కిలోబైట్ల జాగాను ఐబీఎం డిస్‌ప్లే కార్డుల కోసం అట్టిపెట్టింది. ఎండీఏ తన 4 కిలోబైట్ల మెమరీని 704వ కిలోబైటు దగ్గర నిలిపితే, సీజీఏ తన 16 కిలోబైట్లను 736వ కిలోబైటు దగ్గర నిలిపింది. ప్రాసెసర్ కార్డుకు ఆదేశాలు పంపే ద్వారాలు, అంటే పోర్టులు కూడా రెంటికీ వేరువేరే. కాబట్టి ప్రోగ్రాము 704 దగ్గర ఒక అక్షరం రాస్తే అది ఆకుపచ్చ తెర మీద, 736 దగ్గర రాస్తే రంగుల తెర మీద ప్రత్యక్షమయ్యేది; మధ్యలో మరే సాఫ్ట్‌వేరూ కలగజేసుకోనక్కర్లేదు.

ఈ ఏర్పాటు కాకతాళీయం కాదనడానికి ఆధారం ఆ యంత్రపు మదర్‌బోర్డు మీదే ఉంది. యంత్రం మేల్కొనగానే ఏ రకం డిస్‌ప్లే ఉందో చెప్పడానికి అక్కడ రెండు చిన్న మీటలు ఉండేవి. ఆ మీటల అమరికల్లో ఒకదాన్ని మోనోక్రోమ్ మానిటర్ ఉన్నవారికీ, ఒకటి కంటే ఎక్కువ మానిటర్లు ఉన్నవారికీ ఉమ్మడిగా నిర్దేశించారు. యంత్రం నడుస్తుండగా ఒక తెర నుంచి మరొక తెరకు మారాలంటే డాస్‌లో ‘మోడ్’ అనే ఆదేశం చాలు. అంటే రెండు కార్డులు, రెండు మానిటర్లు అన్న ఊహ ఐబీఎం పీసీ పుట్టుకలోనే ఉంది. ఈ సంగతికి ఇంతవరకు దక్కినదానికంటే ఎక్కువ గుర్తింపు దక్కవలసి ఉంది; ఎందుకంటే బహుళ తెరలు ఇటీవలి విలాసమన్న అభిప్రాయం బలంగా పాతుకుపోయింది.

ఈ సదుపాయాన్ని మొదట అందిపుచ్చుకున్నవి మూడు రంగాలు. 1983 జనవరిలో వచ్చిన లోటస్ 1-2-3 అనే లెక్కల పట్టిక ప్రోగ్రాము, అంకెల పట్టికను మోనోక్రోమ్ తెర మీద ఉంచి, ఆ అంకెల నుంచి తీసిన రేఖాచిత్రాన్ని రంగుల తెర మీద చూపగలిగేది. ఒక గడిలో అంకె మారిస్తే పక్క తెర మీద చిత్రం మారడం, ఆనాటి గణాంక గుమాస్తాకు నిజంగా కొత్త అనుభవం. 1982లో మొదలైన ఆటోకాడ్‌లో గీత అంతా రంగుల తెర మీద నడుస్తుంటే, ఆదేశాలూ కొలతలూ అక్షరాల తెర మీద వరుసగా దిగుతుండేవి. అయితే ఈ ఏర్పాటును అందరికంటే ఎక్కువగా ప్రేమించినవారు ప్రోగ్రామర్లు. ప్రోగ్రాములోని దోషాన్ని పట్టుకోవడానికి దాన్ని అడుగడుగునా ఆపి చూపే సాధనాన్ని డీబగ్గర్ అంటారు. ఒకే తెర ఉన్నప్పుడు డీబగ్గర్ తెర మీదికి వస్తే ప్రోగ్రాము గీస్తున్న బొమ్మ చెదిరిపోతుంది. చూడవలసిన దోషమే బొమ్మలో ఉన్నప్పుడు ఇది ప్రాణసంకటం. మైక్రోసాఫ్ట్ కోడ్‌వ్యూ, బోర్లాండ్ టర్బో డీబగ్గర్ వంటివి రెండో తెరను గుర్తించి తమ వివరాలన్నీ అక్కడికి తరలించడంతో, ఆట రంగుల తెర మీద ఆగిన చోటే ఆగి ఉండగా, ఏ పంక్తి దగ్గర ఆగిందో, ఏ చరరాశి విలువ ఎంతో పక్కనున్న తెర మీద తాపీగా చదువుకోవడం సాధ్యమైంది. కొత్త యంత్రాలు వచ్చాక కూడా పాత మోనోక్రోమ్ కార్డును పారేయకుండా దాచుకున్న ప్రోగ్రామర్లు ఆట ప్రోగ్రాముల రంగంలో 1990ల దాకా ఉండడానికి కారణం ఇదే.

1982లో వచ్చిన హెర్క్యులస్ కార్డు ఈ కథలో ఒక మలుపు, దాని పుట్టుక వెనుక ఉన్న అవసరం వల్ల తెలుగువారికి ఆసక్తి కలిగించేది కూడా. దాన్ని రూపొందించిన వాన్ సువన్నుకుల్‌కు తన పరిశోధన గ్రంథాన్ని థాయ్ లిపిలో రాసుకోవాలన్నది కోరిక. ఎండీఏలో ఉన్నది మార్చడానికి వీల్లేని రోమన్ అక్షరాల సమితి. సీజీఏలో ఏ లిపి గీసినా ముతక. పై గుర్తులూ కింది గుర్తులూ ఉన్న ఆసియా లిపి ఆ చుక్కల్లో ఇమడదు. అందుకని ఆయన ఎండీఏ స్పష్టతను చెడగొట్టకుండానే 720 × 348 చుక్కల్లో బొమ్మలు గీయగల కార్డును తయారుచేశారు. ఇదే ఇబ్బంది మన లిపులకూ ఎదురైంది. ఐఐటీ కాన్పూర్‌లో మొదలైన కృషి 1988లో ఏర్పడిన పుణె సీడాక్ సంస్థలో జిస్ట్ కార్డుగా రూపుదిద్దుకుని, తెలుగుతో సహా భారతీయ లిపులను డాస్ ప్రోగ్రాముల తెర మీదికి తెచ్చింది. లిపి కోసం అదనపు పలక బిగించుకోవలసిన కాలం అది.

హెర్క్యులస్ కార్డు మెమరీ 64 కిలోబైట్లు. దాన్ని ఒక్కొక్కటి 32 కిలోబైట్ల చొప్పున రెండు పుటలుగా విభజించారు. మొదటి పుట 704 దగ్గర మొదలవుతుంది గనుక అభ్యంతరం లేదు. రెండో పుట సరిగ్గా 736 దగ్గర, అంటే సీజీఏ స్థానంలో మొదలవుతుంది. రెండు కార్డులూ ఉన్న యంత్రంలో రెండో పుటను తెరిస్తే, ఒకే వీధిలో రెండిళ్లకు ఒకే డోరు నంబరు ఉన్నట్టు, ప్రాసెసర్ పంపిన సమాచారం ఎవరికి చేరాలో తెలియని స్థితి ఏర్పడుతుంది. అందుకే హెర్క్యులస్‌కు ‘సగం’, ‘పూర్తి’ అని రెండు స్థితులు పెట్టారు: పక్కన రంగుల కార్డు ఉన్నవారు సగం స్థితిలోనే ఉండాలి. రెండు కార్డుల సహజీవనానికి రాసిపెట్టిన తొలి మర్యాద సూత్రం ఇదేననుకోవచ్చు.

1987 ఏప్రిల్‌లో ఐబీఎం పీఎస్/2 యంత్రాలతో వీజీఏ వచ్చింది. అక్షరాలకూ బొమ్మలకూ, నలుపు-తెలుపుకూ రంగులకూ అన్నిటికీ ఒకే ప్రమాణం కావడం దాని గొప్పతనం. బహుళ తెరల దృష్టితో చూస్తే మాత్రం అదొక పెద్ద నష్టం. వేర్వేరు చిరునామాలున్న రెండు రకాల కార్డుల స్థానంలో, అన్నీ ఒకే చిరునామా కోరే ఒకే రకం కార్డులు వచ్చాయి. రెండు వీజీఏ కార్డులను ఒక యంత్రంలో బిగిస్తే రెండూ ఒకే పిలుపుకు పలుకుతాయి. రంగుల స్థితిలో ఉన్న వీజీఏ 704 దగ్గరి జాగాను ఖాళీగా వదులుతుంది గనుక, పాత ఎండీఏనో హెర్క్యులస్‌నో పక్కన పెట్టుకోవడం ఒక్కటే మిగిలిన మార్గం. దానికీ మూల్యం ఉంది. ఆనాటి ఐఎస్ఏ బస్సు, అంటే కార్డులను ప్రాసెసర్‌తో కలిపే తీగల వరుస, ఒక మెమరీ జాగాలో 16 బిట్ల చొప్పున పంపాలా 8 బిట్ల చొప్పున పంపాలా అన్నది 128 కిలోబైట్ల ముక్కల లెక్కన నిర్ణయించేది. డిస్‌ప్లే జాగా మొత్తం ఒకే ముక్క కావడంతో, పాత 8 బిట్ల మోనోక్రోమ్ కార్డు పక్కన చేరగానే 16 బిట్ల వీజీఏ కూడా తన వేగాన్ని సగానికి తగ్గించుకోవలసి వచ్చేది.

ఈ ప్రతిష్టంభన ఎంత గట్టిదో 1993 డిసెంబర్‌లో వచ్చిన డూమ్ ఆట చూపుతుంది. దాని తొలి రూపాల్లో ఒకదానిలో, ముందు దృశ్యాన్ని నడిమి తెర మీద, ఎడమ కుడి దృశ్యాలను చెరోపక్క తెర మీద చూపే ఏర్పాటు ఉండేది. కానీ అందుకు కావలసింది మూడు కార్డులు కాదు, నెట్‌వర్క్‌తో కలిపిన మూడు కంప్యూటర్లు. ఒకే పెట్టెలో మూడు వీజీఏ కార్డులు ఇమడవు గనుక మూడు పెట్టెలనే పక్కపక్కన పెట్టవలసి వచ్చింది. తర్వాతి రూపంలో ఆ ఏర్పాటు తొలగిపోయింది.

ఐబీఎం దారిలో తలుపు మూసుకున్న ఏడాదే ఆపిల్ దారిలో అది బార్లా తెరుచుకుంది. 1987 మార్చిలో విడుదలైన మెకింటోష్ 2లో నూబస్ అనే రకం స్లాట్లు ఆరు ఉండేవి. ప్రతి కార్డూ తాను ఎవరో, తనకేం కావాలో చెప్పుకునే వివరాలను ఒక చిన్న చిప్‌లో వెంట తెచ్చుకునేది; ఏ స్లాటులో బిగిస్తే ఆ స్లాటుకు కేటాయించిన చిరునామా దానికి దానంతటే దక్కేది. మీటలు మార్చే పని లేదు, తగవు లేదు. అంతకంటే ముఖ్యమైనది సాఫ్ట్‌వేర్. క్విక్‌డ్రా అనే ఆపిల్ చిత్రణ వ్యవస్థ, తగిలించిన తెరలన్నిటినీ ఒకే విశాలమైన తలంగా భావించింది. ఒక విండో సగం నలుపు-తెలుపు తెర మీద, సగం 256 రంగుల తెర మీద పడితే, ఏ భాగాన్ని ఏ కార్డుకు ఎన్ని రంగుల్లో గీయాలో క్విక్‌డ్రాయే చూసుకునేది. విండోను రాసిన ప్రోగ్రామర్‌కు ఆ బెంగ లేదు. కంట్రోల్ ప్యానెల్‌లో తెరల బొమ్మలను మౌస్‌తో లాగి, బల్ల మీద మానిటర్లు ఎలా ఉన్నాయో అలాగే అమర్చుకోవచ్చు; మెనూ పట్టీని ఏ తెర మీదికి లాగితే అదే ప్రధానమైన తెర. ఈనాటికీ అన్ని వ్యవస్థల్లో కనిపించే ఈ పద్ధతికి ఇంత పరిపూర్ణమైన రూపం అప్పుడే వచ్చిందన్నది విశేషం. రెండు కార్డులను తగవు లేకుండా ఉంచడం హార్డ్‌వేర్ పని అయితే, రెండు తెరలను ఒకే లోకంగా భావించడం సాఫ్ట్‌వేర్ పని అన్న పాఠాన్ని ఆపిల్ ముందే గ్రహించింది.

యూనిక్స్ వర్క్‌స్టేషన్ల లోకంలో ఈ రెండో పని ఆలస్యమైంది. 1987లో వచ్చిన ఎక్స్11 విండో వ్యవస్థ ఒకే యంత్రానికి అనేక తెరలను గుర్తించేది గానీ, ఒక తెర మీద తెరిచిన విండోను మరో తెర మీదికి లాగడానికి వీల్లేదు. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఇంజనీర్లు ఆ గోడను తొలగించడానికి రాసిన పొడిగింపు 1998లో క్సినెరామా పేరుతో ఎక్స్ వ్యవస్థలో చేరి, 2000లో వచ్చిన ఎక్స్ఫ్రీ86 4.0 ద్వారా లినక్స్ వాడుకరులకు అందింది.

పీసీల్లో మూసుకున్న తలుపును తెరిచింది పీసీఐ బస్సు. ఇంటెల్ 1992లో ప్రకటించిన ఈ ప్రమాణంలో కార్డు మెమరీకి స్థిరమైన చిరునామా ఉండదు. యంత్రం మేల్కొన్నప్పుడు ప్రతి కార్డూ తనకు ఎంత జాగా కావాలో చెబుతుంది. బయోస్, అంటే యంత్రాన్ని నిద్రలేపే తొలి ప్రోగ్రాము, ఒక్కొక్కదానికి వేర్వేరు చోట జాగా కేటాయిస్తుంది. దీనితో రెండు గ్రాఫిక్స్ కార్డులు ఒకే పెట్టెలో ఉండడం సూత్రప్రాయంగా సాధ్యమైంది. అయినా ఒక చిక్కు మిగిలింది: డాస్ నాటి ప్రోగ్రాముల కోసం, యంత్రం మేల్కొనే క్షణాల కోసం, ప్రతి కార్డూ పాత వీజీఏ చిరునామాను కూడా తనలో మోసుకొచ్చేది. ఆ హక్కు ఏ ఒక్కదానికో దక్కాలి. దక్కినది ప్రధాన కార్డు. మిగిలినదాన్ని వీజీఏ సాయం లేకుండానే మేల్కొలపగల డ్రైవర్, అంటే కార్డును నడిపే సాఫ్ట్‌వేర్, రాయవలసి ఉంటుంది. విండోస్ 95లో అందుకు వీలు లేకపోవడంతో, కొన్ని సంస్థలు తమ ఒకే రకం కార్డులను రెండు మూడు కలిపి, విండోస్‌కు అవన్నీ ఒకే పొడవాటి తెరగా కనిపించేలా ప్రత్యేక డ్రైవర్లు రాసి, షేర్ల వ్యాపార సంస్థలకు ఎక్కువ ధరకు అమ్మాయి.

1998 జూన్ 25న విడుదలైన విండోస్ 98 ఆ సదుపాయాన్ని సామాన్యుడికి తెచ్చింది. తొమ్మిది మానిటర్ల దాకా, వేర్వేరు సంస్థల కార్డులతో, వేర్వేరు పరిమాణాల్లో, వేర్వేరు రంగుల లోతుల్లో పెట్టుకోవచ్చు. కార్డులన్నీ పీసీఐ రకానివో, అప్పుడే వచ్చిన ఏజీపీ రకానివో కావాలి. రెండో కార్డు చిప్‌కు తగిన డ్రైవర్ ఉండాలి. ఏటీఐ మాక్64, ఎస్3 ట్రయో64వీ+ వంటి చవక కార్డులకు అలాంటి డ్రైవర్లు ఉండడం వల్ల, కొత్త కార్డు కొన్నవారు పాతదాన్ని మూలన పడేయకుండా రెండో తెరకు వాడుకోగలిగారు. ఈ వ్యవస్థలో ప్రధాన తెర పై ఎడమ మూలను సున్నాగా లెక్కిస్తారు. దానికి ఎడమ పక్కన మరో తెర ఉంటే అక్కడి చుక్కలకు రుణ సంఖ్యలు వస్తాయి. తెర మీద రుణ సంఖ్యలు ఉండవన్న నమ్మకంతో రాసిన పాత ప్రోగ్రాములు అక్కడ తడబడి, ఒక తెర మీద నొక్కిన మెనూను మరో తెర మీద తెరిచేవి.

ఆ కాలంలో రెండు కార్డుల అమరిక ఎలా సాగేదో కొంచెం వివరంగా చూడాలి. ఏజీపీ స్లాటు మదర్‌బోర్డు మీద ఒక్కటే ఉంటుంది. కాబట్టి రెండో కార్డు తప్పనిసరిగా పీసీఐ స్లాటులోకి వెళ్లేది. స్క్రూ బిగించి, రెండు మానిటర్ల కేబుళ్లు గుచ్చి, స్విచ్ వేయగానే చాలామందికి ఎదురయ్యే దృశ్యం ఒకటే: కొత్త ఏజీపీ కార్డు తెర నల్లగా ఉంటుంది, పాత పీసీఐ కార్డు తెర మీద బయోస్ అక్షరాలు వస్తాయి. అనేక బయోస్‌లు మొదట పీసీఐ కార్డునే మేల్కొలిపి, వీజీఏ హక్కును దానికే ఇచ్చేసేవి. బయోస్ అమరికల్లోకి వెళ్లి ‘ఇనిట్ డిస్‌ప్లే ఫస్ట్’ అన్న పంక్తిలో పీసీఐకి బదులు ఏజీపీ ఎంచుకుంటే తప్ప ఆ వరుస మారదు. మార్చి, విండోస్‌లోకి వచ్చాక, అంతా సవ్యంగా కుదిరితే రెండో తెర మీద నల్లని నేపథ్యంలో ఒక చిన్న ఆంగ్ల సందేశం ప్రత్యక్షమయ్యేది: ఈ సందేశాన్ని చదవగలుగుతున్నారంటే విండోస్ ఈ కార్డును విజయవంతంగా మేల్కొలిపిందని, డెస్క్‌టాప్‌ను దీని మీదికి పొడిగించుకోవడానికి కంట్రోల్ ప్యానెల్‌కు వెళ్లమని దాని సారాంశం. అక్కడ 1, 2 అని అంకెలు వేసిన దీర్ఘచతురస్రాల్లో రెండోదాన్ని నొక్కి, పొడిగింపు గడిలో టిక్కు పెట్టగానే ఆ నల్లని తెర డెస్క్‌టాప్‌లో భాగమయ్యేది. బల్ల మీద ఇబ్బంది మాత్రం తీరేది కాదు. అప్పటి మానిటర్లు గాజు గొట్టాలతో చేసిన బరువైన పెట్టెలు. రెంటిని దగ్గరగా పెడితే ఒకదాని అయస్కాంత క్షేత్రం మరొకదాని దృశ్యాన్ని వణికించేది. ఇద్దరు మోయవలసిన మానిటర్లు రెండు పక్కపక్కన పెట్టి, వణుకు ఆగేదాకా ఎడం జరుపుకుంటూ పోవడం ఆనాటి అనుభవజ్ఞులకు తెలిసిన విద్యే. 2000లలో పలుచని ఎల్‌సీడీ తెరలు చవకై ఉండకపోతే బహుళ తెరలు ఇంటి బల్ల మీదికి వచ్చేవి కావు.

సరిగ్గా ఈ సమయంలోనే రెండో కార్డు అవసరం తగ్గడం మొదలైంది. కెనడాలోని మాంట్రియల్ ప్రాంతానికి చెందిన మాట్రాక్స్ సంస్థ 1999లో జీ400 డ్యూయల్‌హెడ్ కార్డును విడుదల చేసింది. మెమరీలోని అంకెలను మానిటర్ కోరే విద్యుత్ సంకేతంగా మార్చే భాగాన్ని రామ్‌డాక్ అంటారు. జీ400లో ఒక రామ్‌డాక్ ప్రధాన చిప్ లోపల, మరొకటి విడి చిప్‌లో ఉండడంతో ఒకే కార్డు నుంచి రెండు మానిటర్లు నడిచేవి. ఎన్విడియా 2000లో జీఫోర్స్2 ఎంఎక్స్‌తో ట్విన్‌వ్యూ పేర అదే బాట పట్టింది. కానీ సాఫ్ట్‌వేర్ ఒప్పందం ఇంకా పాతదే. ఒక కార్డుకు ఒక తెర అన్న భావనతో రాసిన విండోస్ 2000, డ్యూయల్‌హెడ్ కార్డులోని రెండు తెరలను విడివిడిగా గుర్తించలేక, రెంటినీ కలిపి ఒకే వెడల్పాటి తెరగా చూసేది. దాంతో విండోలు సరిగ్గా రెండు మానిటర్ల నడిమి సందులో తెరుచుకునేవి. 2001లో విండోస్ ఎక్స్‌పీ తెచ్చిన డ్యూయల్‌వ్యూతో ఆ చిక్కు వీడింది.

రెండు కార్డులు ఆ తర్వాత మరో రూపంలో తిరిగి వచ్చాయి, ఈసారి ఉద్దేశం పూర్తిగా వేరు. 1998లో 3డీఎఫ్ఎక్స్ సంస్థ తన వూడూ2 కార్డులను జంటగా కలిపి, ఒక కార్డు సరి వరుసలనూ మరొకటి బేసి వరుసలనూ గీసేలా చేసి, ఒకే తెర మీద ఆటల వేగం పెంచింది. ఆ సంస్థ ఆస్తులను కొన్న ఎన్విడియా 2004లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్లున్న యంత్రాల కోసం ఎస్ఎల్ఐ పేరుతో ఆ ఊహకు మళ్లీ ప్రాణం పోసింది; 2005లో ఏటీఐ క్రాస్‌ఫైర్‌తో బదులిచ్చింది. ఇక్కడ రెండు కార్డులు రెండు తెరల కోసం కాక ఒకే తెర కోసం శ్రమిస్తాయి. తొలి ఎస్ఎల్ఐ డ్రైవర్లలో జంట పనిని ఆన్ చేస్తే, ఒక్క మానిటర్ తప్ప మిగిలినవన్నీ ఆరిపోయేవి. ఆట ముగిశాక రెండో తెర కావాలంటే ఎస్ఎల్ఐ ఆపాలి, మళ్లీ ఆటకు ముందు ఆన్ చేయాలి. నాలుగు ద్వారాలున్న రెండు ఖరీదైన కార్డులు పెట్టుకున్నవాడికి ఒక్క తెరే మిగలడం ఆ కాలపు బాధాకరమైన వైరుధ్యం. 2008లో వచ్చిన డ్రైవర్లతో గానీ ఆ నిర్బంధం సడలలేదు.

విండోస్ విస్తా 2007లో మరో అడ్డు వేసింది. దాని కొత్త డ్రైవర్ పద్ధతి ప్రకారం యంత్రంలోని గ్రాఫిక్స్ కార్డులన్నీ ఒకే డ్రైవర్‌తో నడవాలి. ఎక్స్‌పీలో ఏటీఐ కార్డు ఒకటి, ఎన్విడియా కార్డు ఒకటి పెట్టుకుని హాయిగా పనిచేసుకున్నవారు విస్తాకు మారగానే రెండో కార్డు స్తంభించిపోవడం చూశారు. కార్డులోనూ, స్లాటులోనూ, మానిటర్‌లోనూ ఏ లోపమూ లేదు. మారినది ఒప్పందం ఒక్కటే. 2009 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 7 వేర్వేరు డ్రైవర్లను తిరిగి అనుమతించింది. అదే ఏడాది లినక్స్ 2.6.32లో, ఎన్ని కార్డులున్నా పాత వీజీఏ చిరునామాను వంతులవారీగా పంచే మధ్యవర్తి ఒకటి చేరింది. 1987 నాటి చిరునామా తగవుకు తీర్పు చెప్పే పని ఇరవైరెండేళ్ల తర్వాత కూడా మిగిలే ఉందన్నమాట.

ఒకే కార్డు రెండు తెరల దగ్గరే ఎందుకు ఆగిపోయిందన్నది చాలామందిని వేధించిన ప్రశ్న. జవాబు గడియారాల్లో ఉంది. వీజీఏ, డీవీఐ, హెచ్‌డీఎంఐ పద్ధతుల్లో చుక్కలను మానిటర్ కోరిన లయలో సరిగ్గా పంపాలి. 1920 × 1080 తెరకు సెకనుకు 60 సార్లయితే ఆ లయ 148.5 మెగాహెర్ట్జ్. తెర మారితే లయ మారుతుంది, కాబట్టి ఒక్కో మానిటర్‌కు కార్డులో విడిగా ఒక గడియారపు వలయం కావాలి. కార్డుల్లో అలాంటివి రెండే పెట్టేవారు. 2006లో వెసా సంస్థ ప్రకటించిన డిస్‌ప్లేపోర్ట్ పద్ధతి సమాచారాన్ని ముందే నిర్ణయించిన వేగాల్లో పొట్లాలుగా పంపుతుంది గనుక, ఒకే గడియారం ఎన్ని ద్వారాలకైనా సరిపోతుంది. ఏఎమ్‌డీ 2009 సెప్టెంబర్‌లో రేడియన్ హెచ్‌డీ 5870తో తెచ్చిన ఐఫినిటీ దీని మీదే ఆధారపడి ఒక్క కార్డుతో మూడు తెరలు, మరుసటి ఏడాది ఆరు తెరలు నడిపింది. మూడో తెర డిస్‌ప్లేపోర్ట్ ద్వారానే వెళ్లాలన్న నియమం తెలియక, చవక అడాప్టర్‌తో దాన్ని డీవీఐగా మార్చి, తెర వెలగక తికమకపడినవారు అనేకులు. ఆ చవక అడాప్టర్ సంకేతాన్ని మార్చదు, తీగలను మాత్రమే కలుపుతుంది. అలాంటప్పుడు కార్డు మళ్లీ మూడో గడియారం కోసం వెతుక్కోవలసి వస్తుంది. సొంత చిప్ ఉన్న, ఎక్కువ ధర గల యాక్టివ్ అడాప్టర్ పెడితేనే ఆ తెర వెలిగేది.

ఎన్విడియా 2010లో సర్రౌండ్ పేరుతో మూడు తెరల ఆటలకు జవాబిచ్చినప్పుడు, ఆ సంస్థ కార్డులు ఇంకా రెండు తెరలకే పరిమితం కావడంతో మూడో తెర కోసం ఎస్ఎల్ఐలో కలిపిన రెండో కార్డు తప్పనిసరైంది. ఒకప్పుడు తెరలను ఆర్పిన జంట కార్డులే ఇప్పుడు తెరకు ఆధారమయ్యాయి. 2012 మార్చిలో జీటీఎక్స్ 680 ఒక్కటే నాలుగు తెరలను నడపడంతో ఆ అవసరం కూడా తీరిపోయింది. ఎస్ఎల్ఐ సైతం క్రమంగా వెనుకబడింది. 2021 ఆరంభం నుంచి కొత్త ఆటలకు దాని అమరికలు చేర్చడం ఎన్విడియా మానేసింది, 2022 నాటి ఆర్‌టీఎక్స్ 4090 మీద కార్డులను జతచేసే ద్వారమే లేదు.

రెండో గ్రాఫిక్స్ చిప్ మాత్రం పెట్టెలోంచి పోలేదు. అది కార్డు రూపం వదిలి ప్రాసెసర్‌లోనే కూర్చుంది. ఇంటెల్ 2011 జనవరిలో విడుదల చేసిన శాండీ బ్రిడ్జ్ ప్రాసెసర్లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ భాగం ఒకే చిప్ మీద ఉన్నాయి. అలాంటి యంత్రంలో విడి కార్డు బిగించగానే బయోస్ సాధారణంగా లోపలి గ్రాఫిక్స్‌ను నిద్రపుచ్చుతుంది; దాంతో మదర్‌బోర్డు వెనక ఉన్న హెచ్‌డీఎంఐ ద్వారం మూగబోతుంది. బయోస్‌లో ‘ఐజీపీయూ మల్టీ మానిటర్’ వంటి పేరుతో ఉన్న అమరికను ఆన్ చేస్తే ఆ ద్వారం తిరిగి పలికి, కార్డుకు తగిలించిన తెరలూ మదర్‌బోర్డుకు తగిలించిన తెరా ఒకే డెస్క్‌టాప్‌గా కలుస్తాయి. ముందుగా ఏది మేల్కొనాలన్న ప్రశ్న ఇక్కడా ఉంది, ఎంచుకోవలసిన చోటూ అదే. కొత్తగా వచ్చిన ప్రశ్న మరొకటి: ప్రోగ్రాము ఒక గ్రాఫిక్స్ చిప్ మీద గీస్తుండగా దాని విండో మరో చిప్‌కు చెందిన తెర మీద ఉంటే, గీసిన ప్రతి దృశ్యాన్నీ ఒకదాని మెమరీ నుంచి మరొకదాని మెమరీకి నకలు చేయవలసి వస్తుంది, వేగం కొంత తగ్గుతుంది. అందుకని ఆటలు ఆడే తెరను విడి కార్డుకూ, ఉత్తరాలూ పట్టికలూ ఉంచే తెరను మదర్‌బోర్డుకూ తగిలించడం మంచి పద్ధతి. ఏ ప్రోగ్రామును ఏ చిప్ మీద నడపాలో వాడుకరి స్వయంగా నిర్దేశించే వీలును విండోస్ 10 తన 2018 ఏప్రిల్ రూపంతో అమరికల్లో చేర్చింది. తెర ఊడదీసి మళ్లీ తగిలించినప్పుడు విండోలను వాటి పాత చోట్లకే చేర్చే పని 2021లో విండోస్ 11 చేపట్టింది.